కంప కొట్టించాలా, పీకించాలా? సీమలో బీడు భూమి కొన్నవాళ్లకు తక్కువ ఖర్చు దారులు

అనంతపురం, కడప, కర్నూలు వైపు ఎకరం తక్కువ ధరకు దొరికిందంటే అది చాలావరకు కంప పట్టిన భూమే అయ్యుంటుంది. బోరు ఎండిపోయి ఆపేసిన తోటో, పిల్లలు బెంగళూరు వెళ్లిపోతే వదిలేసిన మెట్ట పొలమో, పదేళ్లుగా నాగలి ఎరగని గుట్ట కింది నేలో. రిజిస్ట్రేషన్ అయిన వారం నుంచే కొన్నవాళ్లకు ఒకటే తొందర: జేసీబీ పెట్టించి మొత్తం ఒకేసారి బోడి చేయించాలని. చుట్టాలను పిలిచి చూపించుకోవడానికి అది బాగానే ఉంటుంది. కానీ చేతిలో లక్షో రెండు లక్షలో ఉన్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఈ ఏడాది ఎన్ని సెంట్లు తీయాలన్నది. నా లెక్కయితే ఒకటే. ఈ వానకు దున్ని విత్తగలిగినంత తీయండి, మిగతాది అలాగే ఉండనివ్వండి. తీసి ఖాళీగా వదిలేసిన ఎకరం రెండేళ్లలో మునుపటికంటే చిక్కగా కంప అవుతుంది, పెట్టిన డబ్బు మళ్లీ పెట్టాల్సి వస్తుంది.

ఈ మాట మనసులో పెట్టుకుంటే కూలీలా, జేసీబీనా, బొగ్గువాళ్లా అన్నది తేల్చుకోవడం సులభం.

ముందు హద్దు, తర్వాత గొడ్డలి

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, కొనేముందే చూసుకుని ఉంటారు. ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్లో 1బి, అడంగల్ (భూమి ఎవరిదో, సాగు ఎవరిదో చెప్పే రికార్డులు) మీ పేరుకు మారాయా, సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందా, అది డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్) భూమా అన్నవి ఇంకా చూడకపోతే యంత్రం ఖర్చు పెట్టకముందే చూడండి. అసైన్డ్ భూముల బదిలీపై 1977 నుంచి చట్టం ఉంది. అలాంటి భూమిలో కంప తీయించి, కంచె వేయించి, తర్వాత గొడవలో పడినవాళ్లు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

హద్దుల సంగతి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. కంప పట్టిన పొలంలో హద్దు రాళ్లు కనిపించవు, సర్వేయర్ వచ్చినా లోపలికి నడవలేడు. అందుకని మొదటి ఖర్చు హద్దు దారికి పెట్టండి. ఇద్దరు ముగ్గురు కూలీలతో చుట్టూ మనిషి నడిచేంత వెడల్పున కంప కొట్టిస్తే చాలు. తర్వాత సచివాలయంలో దరఖాస్తు పెట్టి, పక్క పొలాలవాళ్లను పిలిపించి, వాళ్ల ముందే కొలిపించండి. పక్కన గుట్టో రిజర్వు అడవో ఉంటే ఈ పని తప్పనిసరి. జేసీబీ డ్రైవరుకు అడవి హద్దు ఎక్కడో తెలియదు. బకెట్ అటు దాటితే కేసు మీ మీద పడుతుంది.

పొలంలో ఏముందో లెక్కపెట్టండి

"దట్టంగా ఉంది సార్, ఎకరానికి ఇంత అవుతుంది" అని ఎవరో చెప్పిన మాట మీద బేరం ఆడకండి. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం తాడుతో కొలిచి, అందులో ఎన్ని మొదళ్లున్నాయో లెక్కపెట్టండి. అది ఎకరంలో నలభయ్యో వంతు కాబట్టి నలభైతో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది. చిక్కగా ఉన్నచోట ఒకటి, పలచగా ఉన్నచోట ఒకటి చూస్తే సరిపోతుంది. మొదళ్లను మూడు రకాలుగా రాసుకోండి: వేలంత, మణికట్టంత, తొడంత. ఏ దారి చౌకో చెప్పేది ఈ మూడు అంకెలే. వేలంతవి ఎక్కువుంటే యంత్రం దండగ. తొడంతవి పదుల్లో ఉంటే కూలీలు దండగ.

మన దగ్గర కంప అంటే ముప్పావు వంతు సర్కారు తుమ్మే. దీని పుట్టుక ఇక్కడిది కాదు. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర అటవీ శాఖ వేసింది. వంటచెరకు కరువు తీరుతుందని తెచ్చిన చెట్టు ఇప్పుడు చెరువు గట్ల నుంచి రైలు పట్టాల వరకు అంతటా పాకింది. దీని ప్రాణం కాండంలో ఉండదు, నేలకింద ఉండే మొదలు గడ్డలో ఉంటుంది. వేరు, కాండం కలిసే ఆ చోటే మొగ్గలన్నీ నిద్రపోతుంటాయి. నేలకు సమంగా నరికితే అవన్నీ లేస్తాయి. ఒక్క కాండం ఉన్నచోట మొదటి వానకే ఆరేడు చువ్వలు పైకొస్తాయి. అదే గడ్డను అడుగు లోతున తెగ్గొట్టి బయటికి తీస్తే కింద మిగిలిన వేరు మళ్లీ చిగురించదు. కాబట్టి ఏ దారి పట్టినా పని అయ్యాక మీరు చూడాల్సింది ఒక్కటే: గడ్డ పైకి వచ్చిందా లేదా.

కూలీలు

గడ్డపార, గొడ్డలి, పారతో చేసే పని నెమ్మదే, కానీ నేలకు నష్టం లేని పని. ఎకరంలోపు భూమి, మణికట్టు లోపు మొదళ్లు, వాన పడి నేల మెత్తబడిన రోజులు, ఈ మూడూ కలిస్తే యంత్రం కంటే చౌక పడుతుంది. ఎండిన ఎర్రనేలలో ఏప్రిల్‌లో గడ్డపార దించాలంటే మాత్రం మనిషికి నడుము, మీకు డబ్బు రెండూ పోతాయి.

దినకూలికి పెట్టాలా, గుత్తకు ఇవ్వాలా అన్నదే ఇక్కడ అసలు చిక్కు. గుత్త పని త్వరగా అవుతుంది, కానీ గుత్త మనిషికి పొలం ఖాళీగా కనిపిస్తే చాలు. మొదలు నేలకు సమంగా నరికి, పైన మట్టి తోసి వెళ్లిపోతాడు. మీరు సంతోషంగా డబ్బులిస్తారు, జూలైలో చువ్వలు లేస్తాయి. గుత్తకు ఇస్తే "గడ్డతో సహా, అడుగు లోతు" అని ముందే చెప్పి, పీకిన గడ్డలన్నీ ఒకచోట కుప్ప పోయమనండి. చెల్లింపు ఆ కుప్ప లెక్క మీద. ఇలా బేరం పెడితే రేటు పెంచి అడుగుతారు, అడిగింది ఇవ్వండి. రెండోసారి చేయించే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

గమ్ బూట్లు, మందపాటి చేతి తొడుగులు మీరే కొనివ్వండి. కంప మొదళ్లలో రక్తపింజర, తేళ్లు మామూలే. పని జరిగేటప్పుడు ఒక బండి అందుబాటులో ఉంచి, పాము మందు ఉండే ఆసుపత్రి దగ్గర్లో ఏదో ముందే కనుక్కోండి.

బొగ్గువాళ్లకు ఇస్తే ఉచితమేనా

మన ప్రాంతంలో చాలామందికి మొదట తట్టేది ఇదే. బొగ్గు కాల్చేవాళ్లు, ఇటుక బట్టీలకు కట్టె తోలేవాళ్లు వచ్చి ఊరికే కొట్టుకుపోతారు. కట్టె లావుగా ఉంటే ఎదురు డబ్బు కూడా ఇస్తారు. చూడ్డానికి ఇంతకంటే చౌక ఏముంది?

కానీ వాళ్లకు కావాల్సింది మణికట్టుకు పైబడిన కట్టె. మోకాలి ఎత్తునో చీలమండ ఎత్తునో నరికి లావు కట్టె తీసుకుపోతారు. ముళ్ల కొమ్మలు, సన్న మొక్కలు, మొదళ్లు మీకే మిగులుతాయి. ఇంకో సంగతి చాలామందికి తోచదు. కాండం నిలబడి ఉన్న చెట్టును జేసీబీ సులభంగా కూలుస్తుంది. బకెట్‌తో పైన నెడితే కాండం మీటలా పనిచేసి వేరు దానంతటదే లేస్తుంది. కాండం లేని మొదలు అయితే చుట్టూ తవ్వి తీయాలి, దానికి సమయం ఎక్కువ, గుంత పెద్దది. అంటే ముందు కట్టె అమ్ముకుని తర్వాత జేసీబీ పెట్టించేవాళ్లకు కట్టె మీద వచ్చిన డబ్బు గంటల లెక్కలో పోతుంది.

నేనైతే దీన్ని తిరగేస్తాను. ముందు జేసీబీతో వేళ్లతో సహా కూల్చి, తర్వాత బొగ్గువాళ్లను పిలవాలి. గడ్డలు కూడా మంచి బొగ్గవుతాయి కాబట్టి వాటినీ తీసుకుపోతారు. వాళ్లతో బేరం రాత మీద ఉండాలి, ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలో తేదీ వేయాలి. బట్టీ మీ పొలంలో పెట్టనివ్వకండి. వేసవిలో పక్కవాళ్ల గడ్డివాముకు నిప్పంటుకుంటే మీరే సమాధానం చెప్పుకోవాలి.

జేసీబీ: సరిగా వాడితే ఇదే మేలు

రెండు నుంచి అయిదెకరాల భూమికి, మణికట్టు నుంచి తొడ దాకా మొదళ్లున్న పొలానికి నా ఓటు జేసీబీకే. ఒక షరతు మీద. డ్రైవరు పీకాలి, గీకకూడదు.

తేడా దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. బాగా తెలిసిన డ్రైవరు వెనక బకెట్‌తో పనిచేస్తాడు. చెట్టుకు అవతలి వైపు రెండడుగుల దూరంలో పళ్లు దించి, తనవైపు లాగి, గడ్డ పైకి లేవగానే గాల్లోనే రెండు సార్లు ఆడిస్తాడు. వేళ్లకు పట్టిన మట్టి ఆ గుంతలోనే రాలుతుంది. చెట్టును పక్కన పడుకోబెట్టి, బకెట్ వీపుతో గుంత పూడ్చి ముందుకు కదులుతాడు. తొందర డ్రైవరు బండి తిప్పి ముందు బకెట్ నేలకు ఆనించి నెట్టుకుంటూ పోతాడు. కంపతోపాటు ఆరంగుళాల పైమట్టి కూడా వెళ్లి గట్టున కుప్ప పడుతుంది. సాయంత్రానికి పొలం క్రికెట్ గ్రౌండులా కనిపిస్తుంది, యజమాని ఫోటోలు తీసుకుంటాడు. కింద మిగిలింది గరప, అంటే మొరం.

మన ఎర్రనేలల్లో పైమట్టి చాలాచోట్ల అడుగు కూడా ఉండదు. పైగా సర్కారు తుమ్మ పప్పుజాతి చెట్టు, దాని వేళ్లు నేలలో నత్రజని నిలుపుతాయి, ఏళ్ల తరబడి ఆకు రాలి మట్టి కాస్త నల్లబడి ఉంటుంది. పొలంలో ఉన్న మంచి మట్టంతా ఆ కంప కిందే ఉంది. దాన్ని గీకి గట్టున పోస్తే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

గంట రేటు ఊరిని బట్టి, డీజిల్ ధరను బట్టి మారుతుంది, ఇద్దరు ముగ్గురిని అడిగితే తెలుస్తుంది. రేటు కంటే ముఖ్యం అడగాల్సిన మాటలు. గంట లెక్క ఎక్కడి నుంచి మొదలు, షెడ్డు నుంచా, పొలంలో దిగినప్పటి నుంచా? కనీసం ఎన్ని గంటలు కట్టాలి? డ్రైవరు బత్తా ఎవరిది? మధ్యలో పైపు పగిలితే ఆ సమయం ఎవరి ఖాతా? ఇవి ముందే తేల్చుకోండి. మొదటి గంట మాత్రం మీరు గట్టున కూర్చుని లెక్కపెట్టండి. గంటకు 40 మొదళ్లు పీకితే, ఎకరానికి 400 ఉంటే, పది గంటల పని. గంటకు 1,400 రూపాయలనుకుందాం, ఎకరానికి 14,000. మొదటి గంటలోనే 25 దగ్గర ఆగితే ఖర్చు 22,400 అవుతుందని మధ్యాహ్నానికే తెలిసిపోతుంది, అప్పుడు ఎన్ని సెంట్లు చేయించాలో నిర్ణయించుకోవచ్చు. సాయంత్రం బిల్లు చూసి గుండె పట్టుకోనక్కర్లేదు.

ఎప్పుడు చేయించాలి? ఆదోని, తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి అయితే నేల బాగా ఆరాకే, లేకపోతే బండి కూరుకుపోయి దాన్ని లాగడానికి ఇంకో బండి తేవాలి. ఎర్రనేల అయితే కొంచెం పదునున్నప్పుడు. నవంబరు చివరి వానలు వెనకబట్టాక, డిసెంబరు, జనవరి మంచి కాలం. ఎండాకాలంలో తుమ్మకాయలు పండి రాలేలోపు పని అయిపోతే అవి మీ దుక్కిలో పడవు. విత్తనం గట్టిది, ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉండి మొలుస్తుంది.

హిటాచీ, డోజర్, ట్రాక్టర్, మందులు

హిటాచీ అంటే చైన్ల మీద నడిచే పెద్ద తవ్వే బండి, బలమైన యంత్రం, పెద్ద గుండ్లు, పాత చెట్లు ఉన్న పదెకరాల భూమికి సరిపోతుంది. ట్రాలీ మీద తేవాలి, ఆ రానుపోను ఖర్చు రెండు మూడెకరాల మీద మోయడం కష్టం. పక్కింటి రైతుకు కూడా పనుంటే కలిసి తెప్పించుకోండి. డోజర్ వద్దు. అది నెట్టడానికే పుట్టింది, మీ పైమట్టిని కూడా నెడుతుంది.

ట్రాక్టర్ కంప తీయడానికి కాదు, తీశాక దున్నడానికి. వేలంత మొక్కలైతే కల్టివేటర్ పెకలిస్తుంది, అంతకు మించితే గొర్రు పళ్లు వంగుతాయి. అంతకంటే పెద్ద బాధ ముళ్లు. జేసీబీ పనయ్యాక నేల మీద చెదిరిన ముళ్ల కొమ్మలు ఏరకుండా ట్రాక్టర్ దించితే ముందు టైరు పంక్చర్ ఖాయం, డ్రైవరు మళ్లీ మీ పొలానికి రాడు. ఇద్దరు మనుషులను పెట్టి పంగల కర్రతో ఏరించే ఖర్చు బడ్జెట్‌లో రాసుకోండి. ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే.

కలుపు మందు కొట్టి చంపుదామనే ఆలోచన నాకు నచ్చదు. చచ్చినా మొదలు అక్కడే ఉంటుంది, దుక్కికి అడ్డం పడుతూనే ఉంటుంది. మేకలు తోలితే తగ్గుతుందన్నది ఇంకో అపోహ. మేక తుమ్మ ఆకు పెద్దగా ముట్టదు, కాయలు మాత్రం ఇష్టంగా తింటుంది, పెంటికల్లో విత్తనాలు పొలమంతా చల్లుతుంది. కాయల కాలంలో బయటి మందను మీ పొలంలో నిలపకండి.

ఏ చెట్టు ఉంచాలి

జేసీబీ దిగే ముందు రోజు ఒక సున్నపు డబ్బా తీసుకుని పొలంలో తిరగండి. వేప, కానుగ, చింత, నేరేడు, సీతాఫలం, రేగు, హద్దు మీదున్న ఏ పెద్ద చెట్టయినా సరే, మొదలుకు సున్నం పట్టీ వేయండి. కొత్తగా నాటిన వేప మన వానలకు నీడనివ్వడానికి ఏళ్లు పడుతుంది. ఉన్నది ఉచితం.

చట్టం సంగతి కూడా ఉంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం పట్టా భూమిలోని చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. కంప తీసే ముందు కూడా సచివాలయంలో ఒక మాట అడిగి పెట్టుకోవడం మంచిది, ముఖ్యంగా కట్టె లారీకి ఎత్తించేటప్పుడు. కడప, రాజంపేట, రైల్వే కోడూరు వైపు పొలాల్లో ఎర్రచందనం మొక్క కనిపిస్తే దాని జోలికి అసలు పోకండి. మీ సొంత భూమిలో మొలిచినా సరే, అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టడం, తరలించడం నేరం. కూలీలకూ డ్రైవరుకూ ఆ మొక్కను చూపించి చెప్పండి.

కుప్పలు కాల్చాలా?

కాల్చడం అన్నిటికంటే చౌక, అన్నిటికంటే నష్టం. కుప్ప కాల్చిన చోట మట్టి ఇటుకలా మారి రెండు మూడేళ్లు పైరు సరిగా రాదు. గుట్ట పక్కన వేసవిలో అయితే ఆలోచన కూడా వద్దు. లావు కట్టె బొగ్గువాళ్లకు, ముళ్ల కొమ్మలు కంచెకు, మిగిలిన చిన్న చెత్త వాలుకు అడ్డంగా వరసగా పేర్చితే సరి. వానకు కొట్టుకొచ్చే మట్టి ఆ వరసల దగ్గర ఆగుతుంది, రెండేళ్లలో అదే గట్టుగా మారుతుంది.

చదునా, గట్లా

"ఎలాగూ జేసీబీ వచ్చింది, లెవెల్ కూడా చేయించేద్దాం" అంటారు. నీటి పారకం కింద వరి వేసేవాళ్లకు చదును కావాలి. మెట్ట భూమికి, పండ్ల తోటకు అవసరం లేదు. ఎత్తు కోసి పల్లంలో పోస్తే పైన గరప బయటపడుతుంది, కింద మంచి మట్టి పూడిపోతుంది. అదే డబ్బుతో వాలుకు అడ్డంగా గట్లు, గట్టు పైవైపున కందకాలు తీయించండి.

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. తక్కువే, కానీ ఎకరం మీద పడే నీళ్లు లెక్కేస్తే సుమారు 22 లక్షల లీటర్లు. అందులో కొంతైనా మీ హద్దు దాటకుండా ఆపితే తర్వాత వేసే బోరుకూ మేలే, మొక్కకూ మేలే. జేసీబీ గంటల్లో కందకాలకు ముందే కొన్ని పక్కన పెట్టండి. చిన్న, సన్నకారు రైతులు గట్లు, సేద్యపు కుంట లాంటి పనులకు ఉపాధి హామీ సిబ్బందిని కూడా కలవొచ్చు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో. పట్నంలో ఉద్యోగం చేస్తూ భూమి కొన్నవాళ్లు మాత్రం దీని మీద ఆశ పెట్టుకుని పని ఆపుకోవద్దు.

కంచె: నాలుగు రకాలు, నాలుగు ధరలు

మూడెకరాలు చదరంగా ఉంటే చుట్టుకొలత 1,450 అడుగుల దాకా వస్తుంది. అదే మూడెకరాలు 200 అడుగుల వెడల్పున పొడుగ్గా ఉంటే 1,700 అడుగులు. పదడుగులకో రాతి కూసం లెక్కన చదరానికి 145 కూసాలు, నాలుగు వరసల ముళ్ల తీగ 5,800 అడుగులు. కూసాల ధర, తోలుడు, పాతుడు, తీగ అన్నీ కలిపితే చాలామందికి కంప తీసిన ఖర్చును మించిపోతుంది. బేతంచెర్ల, తాడిపత్రి చుట్టుపక్కల ఊళ్లకు రాయి దగ్గర కాబట్టి తోలుడు తగ్గుతుంది, దూరం పెరిగే కొద్దీ సిమెంటు స్తంభాలతో పోల్చి చూడాలి.

ముళ్ల తీగ ఎవరిని ఆపుతుంది? ఆవులను, గేదెలను. పందిని ఆపదు, అది కింది వరస ఎత్తుకుని దూరుతుంది. ఆలూరు, ఆదోని వైపు జింకలు దాని మీదుగా దూకుతాయి. కళ్యాణదుర్గం వైపు ఎలుగుబంట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చైన్ లింక్ జాలీ పందిని ఆపుతుంది, కానీ మూడెకరాల చుట్టూ వేయాలంటే తక్కువ బడ్జెట్ అన్న మాటే మిగలదు. కరెంటు తీగ నేరుగా లాగడం హత్యతో సమానం, జైలు కూడా ఉంటుంది. సోలార్ కంచె వేరే సంగతి, అది చంపదు, షాక్ కొట్టి తరుముతుంది. పంట విలువ పెరిగాక ఆలోచించవచ్చు.

మొదటి ఏడాదికి నా ఎంపిక ఎండు కంప కంచె. పొలంలో తీసిన ముళ్ల కొమ్మలే మనిషి నడుమెత్తు పేర్చి, మధ్యమధ్య కర్రలు పాతి తొక్కించడం. ఖర్చు కూలి మాత్రమే. చెద పట్టి ఒకటి రెండేళ్లలో కుంగుతుంది. ఆలోగా దానికి లోపలి వైపు తొలకరిలో గచ్చకాయ, కిత్తనార, వాక్కాయ నాటితే ఎండు కంప కుంగే నాటికి పచ్చ కంచె లేస్తుంది. కాయలున్న తుమ్మ కొమ్మలు మాత్రం కంచెకు వాడకండి. దారి వైపు, గేటు వైపు కొద్ది దూరం రాతి కూసాలు, తీగ వేసుకుంటే హద్దు కూడా గట్టిగా కనిపిస్తుంది.

నీళ్లు, మొదటి పంట

కంప తీయకముందే బోరు వేయించాలా? నాలుగైదు వందల అడుగులు దిగినా తడి తగలని ఊళ్లున్న చోట ఇది జూదమే. పండ్ల తోట వేసే ఉద్దేశం గట్టిగా ఉంటే, బోరు దారికి సరిపడా కంప తీసి, భూగర్భ జలాల సర్వే చేయించి, ముందు బోరే వేయండి. నీళ్లు పడకపోతే తోటకు దాచిన డబ్బయినా మిగులుతుంది. వాల్టా కింద అనుమతి కావాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు. నీళ్లు పడ్డాక డ్రిప్‌కు చిన్న, సన్నకారు రైతులకు 90 శాతం దాకా రాయితీ ఉంది, రైతు సేవా కేంద్రంలో అడిగి పెట్టుకోండి. మెట్ట సాగే చేసేవాళ్లకైతే బోరు ఈ ఏడాది ఖర్చు కాదు.

కంప తీసిన నేలలో మొదటి ఏడాదే చీనీ (బత్తాయి), మామిడి నాటేయాలని ఆరాటపడతారు. ఆగండి. ఒక కారు (పంటకాలం) జనుమో, పిల్లిపెసరో, నవధాన్యాలో చల్లి పూత దశలో కలియదున్నండి. లేదా వాన వెనకబడితే ఆగస్టు, సెప్టెంబరులో ఉలవలు. ఉలవ తక్కువ నీళ్లతో నేలంతా కప్పుతుంది, గుత్తంగా అల్లుకున్న తీగ కింద తుమ్మ మొలకకు వెలుతురు అందదు. ఆ కారులో మిగిలిపోయిన చువ్వలన్నీ బయటపడతాయి, వాటిని గడ్డపారతో ఒక్కొక్కటిగా తవ్వించేయొచ్చు. మొక్కలు నాటాక సాళ్ల మధ్య అదే పని చేయాలంటే చాలా ఇబ్బంది. వేరుశనగ కూడా రెండో ఏడాదికి ఉంచండి, వేర్ల ముక్కలున్న నేలలో కాయ పీకడం కష్టం.

డబ్బు ఎలా పంచుకోవాలి

చేతిలో పది రూపాయలున్నాయనుకుంటే: హద్దు దారికి, సర్వేకు ఒకటి. కంప తీయడానికి, ముళ్లు ఏరడానికి నాలుగు. గట్లు, కందకాలకు ఒకటిన్నర. దుక్కికి, విత్తనానికి ఒకటి. కంచెకు ఒకటి. మిగిలిన ఒకటిన్నర ముట్టుకోకండి, అది రెండో ఏడాది చువ్వలు తవ్వించడానికి. ఈ ఒకటిన్నర లేనివాళ్లు తీసే ఎకరాలు తగ్గించుకోవాలి. నాలుగు రూపాయలకు మూడెకరాలు రాకపోతే ఎకరన్నర చాలు, రోడ్డు వైపుది ముందు, గుట్ట వైపుది తర్వాత. ఉంచిన కంప ఎక్కడికీ పోదు, కట్టె లావెక్కి వచ్చే ఏడు బొగ్గువాళ్ల దగ్గర ఇంకాస్త బేరం పలుకుతుంది.

సాగు ఉద్దేశమే లేక, పిల్లల కోసమో ధర పెరుగుతుందనో కొన్నవాళ్లకు ఇందులో చాలా పనులు అక్కర్లేదు. వాళ్లకు జేసీబీ దండగ. చుట్టూ పది అడుగుల వెడల్పున గడ్డలతో సహా కంప తీయించి, హద్దు రాళ్లకు తెల్ల రంగు వేయించి, మూలల్లో రాతి కూసాలు పాతి, ఆ పట్టీని ఏడాదికోసారి ట్రాక్టరుతో దున్నిస్తే ఆక్రమణ భయమూ, నిప్పు భయమూ రెండూ తగ్గుతాయి. ఏటా ఒకసారి ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) తీసి చూసుకోవడం మరవకండి.